టోపీకి చోటుంది, తలకాయకి లేదు

అల్లూరి సీతారామరాజు మావాడు కూడా. ఈ ‘కూడా’ అనే మాట దగ్గరే మా తగువంతా ఉంది.

మేము గోదావరి జిల్లాల సాయిబులం. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, నరసాపురం పేటల్లో బతికేవాళ్ళం. మాలో షేకులు, సయ్యదులు, పఠాన్లు ఉన్నారు. దూది ఏకి పరుపులు కుట్టిన నూర్‌బాషాలున్నారు. లారీలకు పంక్చర్లు వేసేవాళ్ళు, మిషను కుట్టేవాళ్ళు, మాంసం కొట్టేవాళ్ళు, పళ్ళబండి తోసేవాళ్ళు ఉన్నారు. ‘ఆయ్’, ‘అండి’ లేకుండా మాకు మాట పూర్తికాదు. రాజుగారి పూర్వీకుల మోగల్లు మాకు బస్సు దూరం. ఆయన తండ్రి ఫొటోలు తీసి బతికిందీ, 1908లో కలరాతో పోయిందీ రాజమండ్రిలోనే. ఆయన చదువుకున్న కాకినాడ, తుని, నరసాపురం వీధుల్లోనే మా పిల్లలూ తిరుగుతున్నారు. ఆయన్ని మావాడు అనుకోడానికి మేము ఎవరి అనుమతీ ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడగాలంటున్నారు. అడిగించుకునే అధికారం వాళ్ళకి ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చుకోవాలి.

అసలు ఆయన ఎవరు? తెల్లవాడి కాగితాల్లో బందిపోటు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద ఆంక్షలు పెట్టింది, అడవిలో పుల్ల విరిస్తే నేరమంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళని కూలి సరిగా ఇవ్వకుండా రోడ్ల పనికి తోలాడు. ముఠాదార్ల పాత హక్కులు పోయాయి. ఇదంతా పోగుపడి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద, 23న కృష్ణదేవిపేట మీద, 24న రాజవొమ్మంగి మీద పడింది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం. తుపాకులు పట్టుకెళ్ళారు. రెండేళ్ళపాటు మన్యం ఆయన్ని దాచింది, అన్నం పెట్టింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర విచారణ లేకుండా కాల్చి చంపారు.

సర్కారు ఈ తిరుగుబాటుకి రికార్డుల్లో పెట్టిన పేరు ‘ఫితూరీ’. తెలుగువాడు పితూరీ అన్నాడు. ఆ మాట అరబ్బీ, ఉర్దూల మీదుగా మన నోటికొచ్చింది. ధిక్కారానికి ఈ గోదావరి గట్టున వాడిన పేరే మా ఇంటి మాట! ధిక్కరించే మనిషి మాత్రం మా ఇంట్లోంచి రాకూడదని నేటి సినిమా తీర్మానించింది.

సినిమాల్లో పల్లెటూరి బందిపోటు కథకి ఒక సూత్రం ఉంది. మంచివాడికి చట్టం న్యాయం చెయ్యదు. వాడు ఊరొదిలి అడవి పడతాడు. చంపుతాడు, దోస్తాడు. అయినా చూసేవాడు వాణ్ని క్షమిస్తాడు. క్షమించడమేమిటి, ఈల వేస్తాడు. కత్తులూ గుర్రాలూ ఫైటింగులూ పైపై సరుకు. అసలు సరుకు ఆ క్షమాభిక్షే. అది ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నదే మా ప్రశ్న.

హిందీ సినిమానే తీసుకోండి. 1957లో ‘మదర్ ఇండియా’ వచ్చింది. వడ్డీ వ్యాపారి మీద తిరగబడి బందిపోటైన బిర్జూ అందులోంచే పుట్టాడు. ఆ సినిమా తీసినవాడు మెహబూబ్ ఖాన్. 1961లో ‘గంగా జమునా’ వచ్చింది. జమీందారు అన్యాయం చేస్తే అడవి పట్టిన గంగారాం కథ అది. తీసిందీ, వేషం కట్టిందీ దిలీప్ కుమార్ అనే యూసుఫ్ ఖాన్. మాటలు వజాహత్ మీర్జా, పాటలు షకీల్ బదాయూనీ, సంగీతం నౌషాద్. 1975లో ‘షోలే’ రాసిన ఇద్దరు సలీం, జావేద్. హిందూ పల్లెటూరి బందిపోటు వీరుణ్ని ఈ దేశానికి తయారుచేసి ఇచ్చినవాళ్ళలో మావాళ్ళే ముందు వరసలో ఉన్నారు. ధోవతీ కట్టించారు, గుడిగంట మోగించారు, తల్లి కాళ్ళకి దండం పెట్టించారు. ఎవరూ బలవంతపెట్టలేదు. అది మా దేశం, అవి మా ఊళ్ళు, ఆ కోపం మా కోపం అనుకునే రాశారు.

మరి ఆ కథల్లో మేమెక్కడున్నాం? ‘షోలే’లో ఇమాం సాబ్ ఉన్నాడు. ముసలివాడు, చూపు లేదు, ఒక్కగానొక్క కొడుకు. ఆ కొడుకుని గబ్బర్ చంపి గుర్రం మీద శవాన్ని పంపుతాడు. ఊరు భయపడి హీరోలిద్దర్నీ పొమ్మంటుంటే, కొడుకుని పోగొట్టుకున్న ముసలాయనే ఊరికి ధైర్యం చెప్పి నిలబెడతాడు. గొప్ప పాత్ర, మేమూ ఏడ్చాం. కాని చూడండి: బిడ్డను బలివ్వడం మా వంతు, ఆశీర్వదించడం మా వంతు. తుపాకి పట్టడం మా వంతు కాదు. ఇమాంగారి కొడుకు బతికుండి గబ్బర్ మీదికి వెళ్ళుంటే? ఆ కథ ఇంతవరకూ ఎవరూ రాయలేదు, ఆ సలీం, జావేదులతో సహా.

మన తెలుగు సినిమా ఇంతకంటే ఏం తక్కువ తినలేదు. మొదట మమ్మల్ని ‘నిమ్మళ్కీ, నంబళ్కీ’ అనే వచ్చీరాని తెలుగుతో నవ్వులపాలు చేసింది. కోనసీమలో పుట్టిన సాయిబు కోనసీమ తెలుగు మాట్లాడతాడని ఏ రచయితకీ తట్టలేదు. తర్వాత స్నేహితుడి కోసం ప్రాణాలిచ్చే రహీంని చేసింది. ఆ తర్వాత బాంబు పట్టుకున్నవాణ్ని చేసింది. 1992లో ‘రోజా’ తెలుగులోకి దిగింది. నమాజు చేసేవాడూ మనిషిని బంధించి కొట్టేవాడూ ఒకే ఫ్రేములో కనబడ్డారు. అదే ఏడు డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. 2002లో ‘ఖడ్గం’ వచ్చింది. అందులో ఆటో నడుపుకునే అంజాద్ మంచివాడే. కాని ఆ మంచితనం రుజువు చేసుకోడానికి సొంత తమ్ముణ్నే ఎదిరించాల్సొచ్చింది. మిగతా పాత్రలకి దేశభక్తి పుట్టుకతో వచ్చింది. అతను మాత్రం వాయిదాల మీద కట్టాడు.

ఇన్ని చూసినవాళ్ళం కనకే ‘ఆర్ఆర్ఆర్’ దగ్గర ఆగి మాట్లాడుతున్నాం. 2022 మార్చి 25న విడుదలైంది. రాజమౌళిగారి కుటుంబానికి కొవ్వూరుతో ఉన్న సంబంధం అందరికీ తెలిసిందే. అంటే ఇదీ గోదావరి నీళ్ళు తాగిన కథే. తెలుగులో తీసి, హిందీ మాటలు తొడిగి, ఉత్తరాదికి పంపితే అక్కడా విరగబడి చూశారు. మరుసటేడు పాటకి ఆస్కార్ వచ్చింది. సంతోషమే. కాని మన బందిపోటుని ఉత్తరాది మార్కెట్టుకి పంపేటప్పుడు ఎలా ముస్తాబు చేశారో చూడాలి.

మొదటి ముస్తాబు: పోలీసు స్టేషన్లు కొట్టినవాడికి పోలీసు యూనిఫాం తొడిగారు. ఆశయం లోపల దాచుకున్నాడని తర్వాత చెప్పారనుకోండి. రెండో ముస్తాబు: క్లైమాక్సులో కాషాయ ధోవతి, విల్లంబులు ఇచ్చి సాక్షాత్తూ శ్రీరాముణ్ని చేసి నిలబెట్టారు. రామరాజు భక్తుడు, సన్యాసిలా బతికినవాడు, మాకు తెలుసు. ఆ భక్తితో మాకు పేచీ లేదు. అదే మనిషి ఖద్దరు కట్టమన్నాడు, సహాయ నిరాకరణ నుంచి స్ఫూర్తి పొందాడు, గాం గంటందొర, మల్లుదొరల్ని పక్కన పెట్టుకుని నడిచాడు. అవన్నీ పోయి విల్లు ఒక్కటే మిగలడం యాదృచ్ఛికం అంటే నమ్మమంటారా? 1974లో కృష్ణ నూరో సినిమాగా వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’లోనూ భక్తి ఉంది, కాషాయం ఉంది. శ్రీశ్రీ రాసిన పాటకి జాతీయ అవార్డు వచ్చింది. దాన్ని చూసి మా పేటలు ఈలలు వేశాయి. ఆ రోజు ఆ బట్ట మమ్మల్ని హాల్లోంచి బయటికి పొమ్మనలేదు. 1974కీ 2022కీ మధ్య బట్ట రంగు మారలేదు, దాని అర్థం మారింది. మార్చినవాళ్ళెవరో లౌకికవాద మిత్రులకి మేము చెప్పనక్కర్లేదు.

మూడోది కొమరం భీం సంగతి. కథలో భీం ఢిల్లీలో తలదాచుకోవాలి. అఖ్తర్ అని పేరు పెట్టుకుని, ఒక ముస్లిం ఇంట్లో ఉంటాడు, తలమీద టోపీ పెట్టుకుంటాడు. 2020 అక్టోబరులో టీజరు రాగానే ఆ టోపీ మీద రగడ మొదలైంది. అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపూరావు ఆ టోపీ తీసెయ్యమన్నాడు. అప్పటి తెలంగాణ బిజెపి అధ్యక్షుడు బండి సంజయ్ సినిమాను ఆడనివ్వమని బెదిరించాడు.

మేము న్యాయంగా మాట్లాడదాం. భీం నిజాం సర్కారు మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చినవాడు. తమ వీరుణ్ని ఎలా చూపించాలో చెప్పే హక్కు గోండులకుంది. సినిమాలో భీంని చివరికి ‘నాకు చదువు చెప్పు’ అని రాజు దగ్గర చెయ్యి చాపేవాడిగా నిలబెట్టడం గురించి ఆదివాసులు అడిగితే మేము వాళ్ళ పక్కన నిలబడతాం. కాని ఆ నాయకుల రగడ దాని గురించి కాదు, టోపీ గురించి. నిజాం మీద పోరాడినవాడు ముస్లిం వేషమే వెయ్యకూడదట! నిజాం మాకు చుట్టమా, బంధువా? ఈ సర్కారు జిల్లాల్ని 1766లోనే కుంఫిణీకి రాసిచ్చి చేతులు దులుపుకున్నవాడి వంశం అది. ఆయన జాగీర్దార్లు గోండు రైతుని పీడిస్తే ఆ పాపం భీమవరంలో పంక్చర్లు వేసే కరీం ఖాతాలో ఎలా పడింది?

ఇంకో సంగతి గమనించండి. ఆ రగడలో అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ ఒక విషయంలో తేడా లేదు. టోపీ అనేది వేషమే అని ఇద్దరూ ఒప్పుకున్నారు. హీరో దాక్కోవాలంటే పెట్టుకుంటాడు, విశ్వరూపం చూపాలంటే తీసేస్తాడు. ఆశ్రయం ఇచ్చిన ముస్లిం కుటుంబానికి కథలో పని అంతటితో సరి. టోపీకి చోటుంది. టోపీ కింద ఉండే తలకాయకి లేదు.

తలకాయ కావాలంటే చరిత్రలో దొరక్కపోదు. 1922 మొదట్లో రామరాజు మీద సర్కారుకి అనుమానం వచ్చింది. ఆయన్ని నర్సీపట్నంలోనూ, అడ్డతీగల దగ్గర పైడిపుట్టలోనూ ఉంచి నిఘా పెట్టారు. ఆ నిర్బంధంలోంచి ఆయన బయటపడడానికి సాయం చేసినవాడు ఫజులుల్లా ఖాన్, పోలవరం డిప్యూటీ కలెక్టరు. రాజు జీవితచరిత్రల్లో ఈ పేరు ఉంది. ఆలోచించండి, ఎంత నాటకీయమైన పాత్ర! తెల్లవాడి జీతం తింటున్నాడు. ఎదురుగా ఉన్న యువకుడు మామూలు సన్యాసి కాదని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. సంతకం పెట్టాలా, వద్దా? ఏ రచయితకైనా నాలుగు సీన్లు రాసుకోదగ్గ మనిషి. కల్పన కోసం కలవని ఇద్దరు వీరుల్ని కలపగలిగిన సినిమా, చరిత్రలో నిజంగా కలిసిన ఈ మనిషి దగ్గరికి వెళ్ళలేదు.

ఫజులుల్లా ఖాన్‌ని చూపించి మేము దేశభక్తి సర్టిఫికెట్టు అడుక్కోవడం లేదు. ఆయన సర్కారీ ఉద్యోగి, విప్లవకారుడు కాడు. ఆయన్ని ‘మంచి ముస్లిం’ ఫ్రేములో బిగించి గోడకి తగిలిస్తే మాకు ఒరిగేదేమీ లేదు. అలాంటి ఫ్రేములు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఆగస్టు 15కి దుమ్ము దులుపుతారు. మేము అడిగేది వేరు. తిరగబడ్డ సాయిబుకి ఆ క్షమాభిక్ష దొరుకుతుందా?

దీనికి జవాబు చూడాలంటే ఒకసారి మలబారు దాకా వెళ్ళిరావాలి. దూరం అనుకోకండి. ఆ రోజుల్లో మలబారూ గోదావరీ ఒకే మద్రాసు రాష్ట్రంలో జిల్లాలు. రంప పితూరీకి ఏడాది ముందు, 1921 ఆగస్టులో అక్కడ మాప్పిళ్ళ ముస్లింలు తిరగబడ్డారు. ఎక్కువమంది జన్మీల భూముల్లో కౌలుకి చేసేవాళ్ళు, కూలీలు. ఖిలాఫత్ పిలుపూ, భూమి మంటా కలిశాయి. ఆ నవంబరులో ఖైదీల్ని గూడ్సు పెట్టెలో కుక్కి తిరూరు నుంచి రైలెక్కిస్తే ఊపిరాడక దాదాపు 70 మంది చచ్చిపోయారు. నాయకుడు వారియన్‌కున్నత్తు కుంజహమ్మద్ హాజీని 1922 జనవరి 20న మలప్పురంలో కాల్చి చంపారు. ఆ తిరుగుబాటుని అణచడానికి తయారుచేసిన పోలీసు దళం పేరు మలబార్ స్పెషల్ పోలీస్. అదే దళాన్ని 1922లో మన మన్యంలోకి దింపారు, రామరాజుని పట్టుకోమని. మాప్పిళ్ళ కూలీ మీద పేలిన తుపాకీ, కోయవాడి మీద పేలిన తుపాకీ ఒకే సర్కారుది, ఒకే దళానిది.

మలబారులో హిందువుల హత్యలు జరిగాయి, బలవంతపు మతమార్పిడులు జరిగాయి. వాటిని మేము దాచం, సమర్థించం. రామరాజు పోరాటం అలాంటిది కాదు. రెండూ ఒకటే అని మేము అనడం లేదు. కాని తెర మీద బందిపోటుకి మీరు క్షమించినవి ఎన్ని! పాపాన్ని పాపమని చూపిస్తూనే, తిరుగుబాటుని తిరుగుబాటుగా చూపించే కథ ఉండకూడదా? 1988లో ఐ.వి. శశి మమ్ముట్టితో ‘1921’ అని సినిమా తీయగలిగాడు. 2020లో ఆషిక్ అబూ, పృథ్వీరాజ్ కలిసి హాజీ మీద ‘వారియన్‌కున్నన్’ తీస్తామనగానే వాళ్ళ మీద తిట్ల వాన కురిసింది. 2021లో నిర్మాతలతో విభేదాలని చెప్పి ఇద్దరూ తప్పుకున్నారు. కారణం ఏదైనా ఆ సినిమా వాళ్ళ చేతుల మీదుగా రాలేదు. అదే 2021 ఆగస్టులో భారత చరిత్ర పరిశోధనా మండలి వేసిన కమిటీ ఒక సిఫారసు చేసింది. స్వాతంత్ర్య సమర అమరుల నిఘంటువు అయిదో సంపుటంలోంచి హాజీ, అలీ ముసలియార్‌లతో సహా 387 మంది మాప్పిళ్ళ పేర్లు తీసెయ్యమంది. ఆ సంపుటం దక్షిణాది రాష్ట్రాలది. మన ఆంధ్ర అమరులూ అందులోనే ఉన్నారు. ఒకే సర్కారు చేతుల్లో చచ్చినవాళ్ళు, ఒకే పుస్తకంలో ఉన్నవాళ్ళు. ఒకరి పేరు కొట్టేయమన్నారు. మరుసటేడు 2022 జూలై 4న భీమవరంలో ఇంకొకరి 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధాని నరేంద్ర మోదీ ఆవిష్కరించారు. విగ్రహం పెట్టడం తప్పని ఏ సాయిబూ అనడు. ఆ విగ్రహం నీడ ఎవరి మీద పడుతోందో చూడమంటున్నాం.

ఇది సినిమా గొడవే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకంటారేమో. కోపం కూడా ఒక ఆస్తే. భూమిలాగే దానికీ పట్టాలుంటాయి. ఒకడి కోపం న్యాయం అవుతుంది, ఒకడి కోపం నేరం అవుతుంది. ఆ పట్టాలు రాసే ఆఫీసుల్లో సినిమా హాలు ఒకటి. తిరగబడ్డ హిందువు వెనక ఒక జమీందారున్నాడని, ఒక ఆకలుందని, ఒక అవమానముందని అక్కడ మనకి నేర్పుతారు. తిరగబడ్డ ముస్లిం వెనక మతం తప్ప ఇంకేమీ లేదని కూడా అక్కడే నేర్పుతారు. ఈ పాఠం చదివిన జనమే రేపు పోలీసులవుతారు, విలేకరులవుతారు, ఇల్లు అద్దెకిచ్చే ఓనర్లవుతారు. 2007లో హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకొచ్చినవాళ్ళు చచ్చిపోతే, పట్టుకెళ్ళింది ముస్లిం కుర్రాళ్ళనే. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. 2011లో ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. అదీ చెల్లదని 2013లో హైకోర్టు తీర్పు చెప్పింది. ఏ తిరుగుబాటూ చెయ్యని కుర్రాళ్ళకి దక్కింది ఇది. బందిపోటుకి దొరికే క్షమాభిక్షలో పదోవంతు ఆ కుర్రాళ్ళకి దొరికి ఉంటే?

లౌకికవాద మిత్రులారా, మీతోనూ ఒక మాట. టోపీ రగడ వచ్చినప్పుడు ‘అది వట్టి వేషమే కదా, కథ కోసమే కదా’ అని సర్దిచెప్పారు. బెదిరించినవాళ్ళని మీరు ఖండించారు, అందుకు కృతజ్ఞులం. కాని ఆ టోపీ వేషమే ఎందుకయిందని ఒక్కరూ అడగలేదు. రామరాజుని మీరూ దశాబ్దాలుగా పాడుకున్నారు, ఎర్రజెండా కింద నిలబెట్టారు. మీ బుర్రకథల్లో, మీ నాటకాల్లో ఫజులుల్లా ఖాన్ నోట ఎన్ని మాటలు పెట్టారు? మన్యం మీదికొచ్చిన మలబారు దళం చేతులకి అప్పటికే ఎవరి నెత్తురు అంటిందో ఎన్ని సభల్లో చెప్పారు? మమ్మల్ని కాపాడాల్సినవాళ్ళుగా చూడడం మీకు అలవాటైంది. మీ పక్కన నడిచేవాళ్ళుగా చూడడం ఇంకా అలవాటు కాలేదు.

మా పెద్దలకీ ఒక మాట. మన చరిత్ర అంటే నవాబుల అత్తరు, కోటల బురుజులే అని పిల్లలకి చెప్పకండి. నవాబుని మన తాతని చేసుకుంటే నవాబు పాపాలన్నీ మన నెత్తికే వస్తాయి. వస్తున్నాయి కూడా. గూడ్సు పెట్టెలో ఊపిరాడక పోయిన కూలీ మన తాత. దూది ఏకి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న నూర్‌బాషా మన తాత. ఆ తాతల పేర్లు చెప్పుకోడానికి సిగ్గుపడేవాళ్ళకి సినిమావాళ్ళని తప్పుపట్టే హక్కు లేదు.

మేము ఏ సినిమానీ ఆపమనడం లేదు, ఏ హాలునీ తగలబెట్టమనడం లేదు. ఆ పని మాది కాదు. పచ్చజెండా పట్టుకున్న అల్లూరి కావాలనీ అడగడం లేదు. కాషాయానికి విరుగుడు పచ్చరంగు కాదు. మాకు కావలసింది ఒక సాయిబు. గోదావరి యాసలో మాట్లాడేవాడు, కౌలుభూమి కోసమో, రావాల్సిన కూలి కోసమో, పోలీసు చెంపదెబ్బ కోసమో తిరగబడేవాడు. శుక్రవారం నమాజుకి వెళ్తే వెళ్తాడు, లేకపోతే లేదు. తప్పులు చేస్తాడు, వాటికి శిక్షా అనుభవిస్తాడు. వాడు చచ్చిపోతే ఎదురింటి సుబ్బారావూ, పక్కింటి సుందరమ్మా కూడా ఏడవాలి. దేశం కోసం పోయాడని కాదు, మావాడు పోయాడని ఏడవాలి.

సినిమా రచయితలకి ఈ జిల్లాల్లో కొదవలేదు. కథ పోలవరం రేవులో వందేళ్ళుగా పడి ఉంది. మీరు రాయకపోతే మేమే రాసుకుంటాం. అప్పుడు అందులో మీ వేషం ఎక్కడా అని మమ్మల్ని అడగనక్కర్లేదు. మీరు మాకిచ్చినట్టు టోపీ ఒక్కటే ఇచ్చి సరిపెట్టం, మనిషి మనిషిగా అందులో ఉంటారు.